కాలరు లోపలి అక్షరాలు

“రుమాళ్లకి కూడానా నాన్నా?”

“రుమాళ్లకే ముందు కుట్టాలి. ఎక్కడ చూసినా తప్పిపోయేవి అవే.”

మూడో రోజుకి కూడా వాదన తెగలేదు. మొదటి రోజు దుప్పట్ల దగ్గర మొదలై, రెండో రోజు స్వెట్టర్ల మీదుగా వచ్చి, ఇప్పుడు రుమాళ్ల దగ్గర ఆగింది. లాండ్రీ వెనక గదిలో గుర్తులు కుట్టే బల్ల ముందు కూర్చుని, నాన్న కూతురి కొత్త రుమాలు మూల మీద ఎర్రదారంతో మూడు గీతలు, పక్కన ఒక చుక్క కుడుతున్నాడు. ఆ వీధిలో సగం మంది చొక్కాల కాలర్లలో ఆయన కుట్టిన గుర్తేదో ఒకటి ఉంటుంది. మూడు గీతలూ చుక్కా మాత్రం సొంత ఇంటి బట్టలకే.

“నేను కాలేజీకి వెళ్తున్నాను. ఉతుకుడికి పడటం లేదు,” అంది గుండీ.

ఆ పిల్ల అసలు పేరు సర్టిఫికెట్లలోనే ఉంటుంది. రెండేళ్ల వయసులో ఎవరి కోటుదో గుండీ ఒకటి మింగేసింది. మూడు రోజులు ఇల్లంతా దాని కోసమే ఎదురుచూసింది. అది బయటికొచ్చాక నానమ్మ ఏడు నీళ్లలో కడిగి, అదే కోటుకి తిరిగి కుట్టేసింది. కోటు ఎవరిదన్నది ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ బయటపెట్టరు. పేరు మాత్రం పిల్లకి మిగిలిపోయింది.

“అమ్మా, నువ్వైనా చెప్పు.”

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కకి వాల్చింది. “నన్ను లాగకండి. పెళ్లయిన వారానికే నా బట్టలన్నిటికీ గుర్తులు కుట్టేశారు మీ నాన్న. నేను తప్పిపోతే ఎవరో తెచ్చి కౌంటర్లో ఇచ్చేసి వెళ్తారనుకున్నారేమో.”

“అన్నయ్యా, దాని చెవికి కూడా ఒక చుక్క పెట్టు. హాస్టల్లో వేరే పిల్లతో మారిపోకుండా,” అన్నాడు బాబాయి, వ్యాన్‌లోంచి మూటలు దింపుతూ.

నాన్న నవ్వలేదు. దారం పళ్లతో కొరికి, రుమాలు మడిచాడు.

“ఒక బట్టకి ఒక గుర్తు. పాతది ఉంటే విప్పెయ్యాలి, తర్వాతే కొత్తది కుట్టాలి. రెండు గుర్తులున్న బట్ట ఏ ఇంటికీ సరిగ్గా చేరదు. ఇది నీకు నేను వేరే చెప్పాలా? నీ చేత్తో ఎన్ని వేలు విప్పలేదు!”

అందరికీ తెలుసు, గొడవ రుమాళ్ల గురించి కాదని. లాండ్రీకి పది అడుగుల దూరంలో ఒక కాలేజీ ఉంది. పొద్దున క్లాసులకి వెళ్లి, మధ్యాహ్నానికి వచ్చి గుర్తుల బల్ల దగ్గర కూర్చోవచ్చు. గుండీ దాన్ని వదిలేసి, వ్యాన్‌లో రెండున్నర గంటల దూరంలో ఉన్న క్రైస్తవ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. చరిత్ర చదువుతానంది. సీటు వచ్చింది. నానమ్మ ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకుని, కళ్లు సరిగ్గా కనిపించకపోయినా రోజూ ఒకసారి తీసి తడిమి చూసుకుంటోంది. నాన్నకి మాత్రం కూతురు వెళ్లిపోతే బల్ల దగ్గర చెయ్యి పడిపోయినట్టే. నానమ్మ చూపు తగ్గినప్పటి నుంచి, వెలిసిపోయిన గుర్తుల్ని చదవగలిగేది ఆ ఇంట్లో గుండీ ఒక్కతే.

చివరికి రాజీ కుదిరింది. నెల రోజులు. నచ్చితే సరే. నచ్చకపోతే పక్క కాలేజీలో ఇంకా చేర్చుకుంటారు, మాట్లాడి పెట్టాడు నాన్న. నెల చివరి ఆదివారం గుండీ ఇంటికొచ్చి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. అందాకా గుర్తుల బల్ల దగ్గర దాని స్టూలు మీద ఎవరూ కూర్చోకూడదు.

“నేను కూడానా?” అన్నాడు బాబాయి.

“నువ్వు ముందు. కూర్చుంటే విరిగిపోతుంది.”

*

కాలేజీలో గుండీకి మొదటి రోజే ఒక సంగతి అర్థమైంది. నిశ్శబ్దం కూడా నిద్ర లేపుతుంది. ఇంట్లో పొద్దున్న ఐదింటికి బాయిలరు బుస్సుమనేది. ఇక్కడ ఐదింటికి ఏమీ అనదు. ఆ ఏమీ లేనితనానికే మెలకువ వచ్చేసి, ఆరున్నరకి చాపెల్ గంట మోగేదాకా పైకప్పు చూస్తూ పడుకునేది. పక్క మంచం మీది అమ్మాయి ఎంత పొడుగంటే, పాదాలు మంచం చివర కమ్మీల్లోంచి బయటికి వచ్చేవి. ఫిజిక్స్ విద్యార్థిని. గంట మోగినా లేవదు. గుండీ ఆ పాదాలకి చక్కిలిగింత పెట్టి లేపడం మూడో రోజుకే అలవాటైపోయింది.

“మీ ఇంట్లో ఎవరు లేపేవాళ్లు నిన్ను?” అని అడిగింది గుండీ.

“ఎవరూ లేపలేక ఇక్కడ పడేశారు,” అంది పొడుగమ్మాయి, కళ్లు తెరవకుండానే.

చాపెల్లో పావుగంట ప్రార్థన, ఒక పాట. ముందు వరుసల్లో వాళ్ల వీపులు చూస్తూ కూర్చుంటే గుండీ కళ్లు వాటంతటవే ముడతలు లెక్కపెట్టేవి. ఆ మేడమ్ భుజం దగ్గర రెండు మడతలు పడ్డాయి. ఆ అమ్మాయి కాలరు తడి ఆరకుండా ఇస్త్రీ చేసింది. ప్రభువా, నన్ను క్షమించు, అనుకుని కళ్లు మూసుకునేది. మూడేళ్లు ఇస్త్రీపెట్టె మొహం చూడకూడదన్నది ఆమె లోలోపలి కోరిక. చరిత్ర మీద ప్రేమ ఉన్న మాట నిజమే కాని, ఈ కోరిక కూడా అంతే నిజం.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు పని గంట. ప్రిన్సిపాల్‌తో సహా అందరూ ఏదో ఒక పని చెయ్యాలి. కొత్తగా చేరినవాళ్లు రేకు డబ్బాలోంచి చీటీ తియ్యాలి. లైబ్రరీ, తోట, వంటిల్లు, మెట్లు కడగడం, ఏది వస్తే అది. ఏ చీటీ మీదైనా బట్టలన్న మాట ఉంటుందేమోనని గుండీ కళ్లు మూసుకుని చీటీ తీసింది. విప్పి చూస్తే ‘చాపెల్ పక్క గది’ అని ఉంది.

“నీ పంట పండింది. దుమ్ము దులపడమే,” అంది పొడుగమ్మాయి. దానికి మెట్లు వచ్చాయి.

చాపెల్ పక్క గదిలో నిజంగానే దుమ్ము ఉంది. పాటల పుస్తకాలు, కాలు విరిగిన హార్మోనియం, పూలకుండీలు. వాటి వెనక గోడ పొడుగునా ఒక బీరువా. తాళంచెవి చేతిలో పెట్టిన సీనియరు, రైలు దొరకదన్నట్టు తొందరలో ఉంది. “అందులో క్వాయర్‌లో పాడేవాళ్ల గౌన్లున్నాయి. సెలవులకి ముందే ఉతికేశాం. ఇస్త్రీ చేసి వరుసగా తగిలించు చాలు. ఇస్త్రీపెట్టె మూలనే ఉంది,” అని చెప్పి వెళ్లిపోయింది.

గుండీ ఆ ఇస్త్రీపెట్టె వంక చూసింది. రెండున్నర గంటలు ప్రయాణం చేసి నా కంటే ముందే వచ్చి కూర్చున్నావా, అన్నట్టు.

ఇరవై నాలుగు గౌన్లు. ముదురు నీలం రంగు, మంచి బరువైన గుడ్డ. మొదటి గౌను తీసి, అలవాటుగా కాలరు తిరగేసి చూసింది. చూసి నోరు తెరిచింది. లోపలంతా పొడి అక్షరాలు. పసుపుదారంతో రెండు, పక్కన తెల్లదారంతో రెండు, కింద ఆకుపచ్చవి, పక్కకి ఒరిగి ఏదో గులాబీ రంగువి. ఒక్క కాలరులో ఆరుగురి గుర్తులు! రెండో గౌనులో ఐదు. మూడో దాంట్లో ఏడు.

ఇన్నేళ్లుగా ఈ బట్టలు ఎవరివి ఎవరికి వెళ్లాయో పాపం, అనుకుంది గుండీ. ఒక్కళ్లకీ పాత గుర్తు విప్పాలన్న జ్ఞానం లేకపోయింది. నాన్న చూస్తే అన్నం ముట్టడు.

దుమ్ము దులిపే పని పక్కన పెట్టి, సంచిలోంచి సన్న కత్తెర తీసింది. తనకి బాగా వచ్చిన పని ఒకటి ఈ కొత్త చోట దొరికినందుకు, ఒప్పుకోడానికి ఇష్టం లేకపోయినా, వేళ్లకి ప్రాణం లేచొచ్చింది. సోమవారం మొదలుపెట్టి గురువారానికల్లా ఇరవై నాలుగు కాలర్లూ విప్పేసింది. పని గంట చాలక భోజనాల తర్వాత కూడా వచ్చి కూర్చుంది. గుడ్డ ఎక్కడా గీసుకోలేదు. దారం ముక్కల్ని పారెయ్యకుండా బిస్కెట్ల డబ్బాలో వేసింది. శుక్రవారం ఆరు గౌన్లకి చక్కగా ఆవిరి ఇస్త్రీ చేసి, పొడవు ప్రకారం తగిలించి, ఒకటి నుంచి ఆరు దాకా ఎర్రదారంతో అంకెలు కుట్టింది. వెనక్కి జరిగి చూసుకుంటే లాండ్రీ కౌంటరు వెనక వరుసలా కళకళలాడుతోంది. ఇంటి నుంచి వచ్చాక మొదటిసారి ఈల వేసింది.

ఆ ఈల వింటూనే పాటల మేడమ్ లోపలికి వచ్చింది. సన్నగా, జుట్టంతా నెరిసి, ఎప్పుడూ ఏదో రాగం గొంతులో తిరుగుతున్నట్టుండే మనిషి.

“అబ్బ! ఎంత బాగా చేశావమ్మా! గుడ్డ కొత్తదానిలా ఉంది,” అంటూ మొదటి గౌను అందుకుంది. కాలరు తిప్పింది. గొంతులోని రాగం ఆగిపోయింది. రెండోది తిప్పింది. మూడోది. తర్వాత బల్ల మీద పడున్న మిగతావాటిని ఒక్కొక్కటే.

“అక్షరాలేవి?”

“విప్పేశానండీ,” అంది గుండీ, మెచ్చుకోలు ఇంకా అయిపోలేదనుకుని. “అన్నీ పాత గుర్తులు. ఒక్కోదానికి ఆరేసి ఉన్నాయి.”

మేడమ్ హార్మోనియం ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

“మూడేళ్లూ పాడిన పిల్ల, వెళ్లిపోయే రోజున తను వేసుకున్న గౌను కాలరులో తన అక్షరాలు కుట్టి వెళ్తుంది. నాకు తెలిసి ముప్పై రెండేళ్ల నుంచి.” తలెత్తి అడిగింది. “నువ్వేం చదువుతున్నావు?”

గుండీ కత్తెర సంచిలోకి తోసేసింది. “చరిత్రండీ.”

మేడమ్ కాలరు వంక, ఆ పిల్ల వంక మార్చి మార్చి చూసింది. తిట్టినా బాగుండేది.

*

పొడుగమ్మాయి చూస్తుండగానే గుండీ బట్టలన్నీ సంచిలో కుక్కేసింది. దుప్పటి, స్వెట్టర్లు, మూడు గీతలూ చుక్కా ఉన్న రుమాళ్లు. తర్వాత హాస్టలు వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

“నాన్నా, వచ్చి నన్ను తీసుకెళ్లిపో.”

అవతల గొంతులో సంతోషం దాచుకోవడం కూడా వినబడింది. “ఏమైందమ్మా? భోజనం బాగాలేదా? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

గుండీ ఏడుస్తూనే అంతా చెప్పింది. గౌన్లు, అక్షరాలు, ముప్పై రెండేళ్లు.

“ఇస్త్రీ పెట్టావా?” అన్నాడు నాన్న.

“ఆరింటికి.”

“ఆవిరితోనా?”

“ఆవిరితోనే.”

“అయ్యయ్యో! మిగతా పద్దెనిమిది?”

“పెట్టలేదు.”

“ముట్టుకోకు!” నాన్న గొంతు ఒక్కసారిగా లాండ్రీ గొంతైపోయింది. “నీళ్లు చల్లకు, మడతపెట్టకు, చేత్తో సాపు చెయ్యకు. కిటికీలు వేసెయ్, తేమ తగలకూడదు. సూది కంతలు పూడిపోతే ఇక చదవలేం. ఆవిరి తగలని గుడ్డలో కంతలు ఉంటాయి. దారం ముక్కలు పారేశావా?”

“డబ్బాలో ఉన్నాయి.”

“శెభాష్. రేపు పొద్దున బయల్దేరుతున్నాం.”

“నన్ను తీసుకెళ్లడానికేనా?”

“నీ సంగతి తర్వాత. ముందు కాలర్లు.” వెనక్కి తిరిగి అరవడం వినబడింది. “అమ్మా! నీ చేతులు కావాలి! రేపు షాపు మూసేస్తున్నాం!”

గుండీ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. జ్వరాలకి, వానలకి, బాబాయి పెళ్లిచూపులకి కూడా ఆ షాపు మూసిన మనిషి కాదు ఆయన.

*

మర్నాడు పదింటికి లాండ్రీ వ్యాన్ కాలేజీ గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ వ్యాన్ పక్కనున్న బోర్డు చదివి, వెనక గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. “బట్టలు తీసుకెళ్లడానికైతే అటు నుంచి.”

“బట్టల కోసం కాదు, అక్షరాల కోసం వచ్చాం,” అన్నాడు బాబాయి. వాచ్‌మన్‌కి ఏం అర్థమైందో గాని ముందు గేటే తీశాడు.

చాపెల్ పక్క గదిలో ప్రిన్సిపాల్, పాటల మేడమ్ ఎదురుచూస్తున్నారు. నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పు పిల్లది కాదండీ, నాది. రెండు గుర్తులున్న బట్ట ఏ ఇంటికీ చేరదని దానికి నేర్పింది నేనే.”

“ఈ గౌన్లు ఎక్కడికీ వెళ్లవండీ,” అంది పాటల మేడమ్. “ఇక్కడే ఉంటాయి. వెళ్లిపోయేది పిల్లలు. అందుకే కుట్టుకుంటారు.”

నాన్న తల ఊపాడు. ఆ మాట ఎక్కడో లోపల పెట్టుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

ముందు కిటికీ దగ్గర బల్ల వేశారు. సుద్దముక్క పొడి చేసి కాలరు మీద మెత్తగా రుద్ది, నాన్న ఉఫ్ అని ఊదాడు. నీలం గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా తెల్లటి అక్షరాలు లేచాయి. ప్రిన్సిపాల్ చేతులు నోటి మీద పెట్టుకుంది. సుద్దకి దొరకనివాటిని నానమ్మ ముందు పెట్టారు. నానమ్మ కళ్లు మూసుకుని, చూపుడు వేలు కాలరు మీద చీమలా నడిపించేది.

“ఇక్కడ ఒక గీత దిగింది... ఇటు తిరిగింది... సున్నా చుట్టింది. ఈ పిల్లకి కుట్టు సరిగ్గా రాదమ్మా. తొందర పిల్ల. ఎవరో కింద నిలబడి కేకేస్తున్నట్టున్నారు.”

రంగుల పని అమ్మది. భూతద్దం పెట్టుకుని కంతల్లో ఇరుక్కున్న నూగు చూసి, “ఇది పసుపు. ఇది గులాబీ. రంగు నాకు వదిలెయ్యండి, మీరు అక్షరం చూసుకోండి,” అంటూ బిస్కెట్ల డబ్బాలోని ముక్కలతో సరిపోల్చి, అదే రంగు కొత్త దారం తీసి ఇచ్చేది. కుట్టడం గుండీకి, నాన్నకి. బాబాయికి సూదుల్లో దారం ఎక్కించే పని పడింది.

“వ్యాన్ తోలే చేతులతో చేయించాల్సిన పనేనా ఇది!”

“మాట్లాడకుండా ఎక్కించు. అదిగో, వదిలేశావ్,” అంది నానమ్మ.

“నీకు కనబడదుగా!”

“నీ నిట్టూర్పు వినబడిందిలే.”

పదకొండింటికి, ఎవరూ అనుకోకుండానే, పాట మొదలైంది. ఆ ఇంట్లో ఇస్త్రీ బల్లల దగ్గర పాట లేకుండా పని జరగదు. చొక్కాకి రెండు చరణాలు, దుప్పటికి పూర్తి పాట, అదే వాళ్ల గడియారం. నానమ్మ ఎత్తుకుంది, అమ్మ అందుకుంది, నాన్న కింద స్థాయిలో కలిశాడు. గుండీ పళ్ల మధ్య దారం పట్టుకునే, పక్కనుంచి సన్నగా, వాళ్ల రాగానికి జత కలిసే రెండో వరస వేసింది. తలుపు దగ్గర పాటల మేడమ్ కదలకుండా నిలబడింది. ఆవిడ గొంతులోని రాగం మళ్లీ తిరగడం మొదలైంది.

“ఆ రెండో వరస నీకెవరు నేర్పారు?” అంది పాట అయ్యాక.

“ఎవరూ నేర్పలేదండీ. అమ్మ, నానమ్మ మొదటిది తీసేసుకుంటే నాకు మిగిలేది అదే.”

“నాకు రెండో వరసలో ఇద్దరు తక్కువున్నారు. సోమవారం సాయంత్రం రా.”

“మరి నేను?” అంది నానమ్మ.

“మీరు ముందు అడ్మిషన్ తీసుకోవాలమ్మా.”

“చీటీలో మెట్లు కడగడం రాకపోతే ఆలోచిస్తాను,” అంది నానమ్మ. వారంగా మెట్లు కడుగుతూ, ఇప్పుడు సూదులు ఎక్కించడానికి వచ్చి కూర్చున్న పొడుగమ్మాయి అందరికంటే పెద్దగా నవ్వింది.

నాలుగింటికి పద్దెనిమిది గౌన్లూ పూర్తయ్యాయి. మిగిలినవి ఆవిరి తగిలిన ఆరు. నానమ్మ వేలికి కూడా అవి అందలేదు. నాన్న ఎర్ర అంకెలు విప్పి, సుద్ద రుద్ది, ఊది, తల అడ్డంగా ఊపాడు. గుండీ మొహం మళ్లీ వాడిపోయింది.

అప్పుడు ప్రిన్సిపాల్ ఆ ఆరింటిలో ఒకదాన్ని ముందుకు లాక్కుని, ఎడమ చేతి అంచు వెతికింది. అక్కడ మినపగింజంత కాలిన మచ్చ. “ఇది నాది,” అంది, కాస్త సిగ్గుపడుతూ. “కొవ్వొత్తి పట్టుకుని నిద్రపోయాను. అప్పటి ప్రిన్సిపాల్ గారికి ఇప్పటికీ చెప్పలేదు.” ఆవిడకి ముందూ వెనకా ఆ గౌను వేసుకున్నవాళ్లెవరో కూడా ఆవిడకి గుర్తే. మిగతావాటి కోసం పాటల మేడమ్ ఫోన్ తీసింది. ఎక్కడెక్కడో స్థిరపడిన పాత విద్యార్థినులు, “మోచేతి దగ్గర చిరుగు కుట్టి ఉంటుంది చూడండి, అది మా అక్కది, తర్వాత నాది,” అనీ, “నాది అన్నిటికంటే పొడుగు, నా ముందు ముగ్గురి పేర్లూ చెప్తాను రాసుకోండి,” అనీ చెప్పుకుంటూ పోయారు. ఫోన్లలో నవ్వులు. ఒకావిడ ఏడ్చింది కూడా. తనకి ముందు ఆ గౌను వేసుకున్న స్నేహితురాలు ఇప్పుడు లేదట. ఆ అక్షరాలు ముందు కుట్టమంది. గుండీ ముందు అవే కుట్టింది, తెల్లదారంతో, ఊపిరి బిగబట్టి.

ఒకే ఒక్క గౌను మిగిలిపోయింది. అన్నిటికంటే పొట్టిది. దాని గురించి ఎవరికీ ఏమీ గుర్తు లేదు.

“ఫోటోలు చూసి ఎవరివో ఊహించి కుడదామా?” అంది గుండీ.

“వద్దు. తెలియనప్పుడు ఖాళీగా ఉంచడమే నయం. చరిత్ర చదివేదానివి, నీకు తెలియాలి,” అంది పాటల మేడమ్. తర్వాత ఆ గౌను ఎత్తి గుండీ భుజాలకి ఆనించి చూసింది. అంచు సరిగ్గా మడమల దగ్గర ఆగింది. “ఎవరైనా గుర్తొచ్చి చెప్తే వాళ్లవి కుడదాం. ఈలోగా సోమవారం నుంచి ఇది నువ్వు వేసుకో.”

“నా అక్షరాలు ఎప్పుడు కుట్టుకోవచ్చండీ?”

“అందరికీ ఎప్పుడో నీకూ అప్పుడే. వెళ్లిపోయే రోజున.”

బయల్దేరే ముందు నాన్న హాస్టలు గది గుమ్మం దాకా వచ్చాడు. మంచం పక్కన కుక్కిన సంచి ఉంది. ఆయనే వంగి జిప్పు తీశాడు.

“ఇలాగేనా సర్దేది? ముడతలు పడిపోవూ?” అంటూ స్వెట్టర్లు, దుప్పటి, రుమాళ్లు ఒక్కొక్కటే తీసి, మంచం మీద పరిచి, సాపు చేసి, బీరువాలో పెట్టాడు. ఖాళీ సంచి మడిచి మంచం కిందకి తోశాడు.

“నెల ఇంకా కాలేదు. మాటంటే మాట,” అన్నాడు, అటు తిరిగి.

*

నెల చివరి ఆదివారం గుండీ బస్సులో ఇంటికొచ్చింది. భోజనాల బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. నానమ్మ ప్రార్థన ఆ రోజు మామూలు కంటే పొడుగ్గా సాగింది. గౌన్లకీ, ప్రిన్సిపాల్‌కీ, వాచ్‌మన్‌కీ కూడా ఆశీర్వాదాలు అందాయి. “ఆమేన్ అమ్మా, సూప్ చల్లారిపోతోంది,” అన్నాడు బాబాయి.

ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటానికి అందరూ తెగ మాట్లాడారు. బాయిలరు వాల్వు గురించి అమ్మ, కొత్త టైర్ల గురించి బాబాయి. గుండీ పొడుగమ్మాయి గురించి చెప్పింది, దాని మంచానికి వడ్రంగి అదనంగా ఒక చెక్క వేశాడని. చరిత్ర మేడమ్ మొదటి వ్యాసానికి కాలర్ల కథే రాయమందని, పద్దెనిమిది పేజీలు వచ్చిందని చెప్పింది. పొట్టి గౌను గురించి ఇంకా ఎవరి దగ్గర నుంచీ కబురు రాలేదని కూడా చెప్పింది.

“మరి ఆ కాలరు ఇంకా ఖాళీగానే ఉందా?” అంది నానమ్మ.

“ఖాళీగానే ఉంది.”

నాన్న తలుపులోంచి వెనక గది వైపు చూశాడు. గుర్తుల బల్ల ముందు స్టూలు ఉంది. దాని మీద ఎవరూ కూర్చోకుండా తెల్ల తువ్వాలు ఒకటి మడిచి వేసి ఉంది, అంచు మీద అంచు సరిగ్గా కలిసేలా. నెలంతా వారానికోసారి నాన్నే ఆ తువ్వాలు మార్చారట, అమ్మ అంతకుముందే వంటింట్లో చెవిలో చెప్పింది.

గుండీ చెంచా కింద పెట్టింది. లేచి వెళ్లి, ఆ తువ్వాలు తీసి మడత చెదరకుండా తెచ్చి, నాన్న కంచం పక్కన పెట్టింది.

“కాలరులో నా అక్షరాలు కుట్టుకోవాలంటే మూడేళ్లు పడుతుంది నాన్నా,” అంది మెల్లగా, అందరికీ వినబడేలా. “నేను అక్కడే ఉంటాను. స్టూలు మీద ఎవరినైనా కూర్చోబెట్టుకో.”